‘ఈనింది’కి హ్యాజ్ కావాలా, అక్కర్లేదా?

నాగావళి: సామెత సగమే నోట్లో ఆడుతోంది. ‘ఎద్దు ఈనిందంటే...’ తర్వాత గాటన కట్టెయ్యమన్నాడటా, దూడని కట్టెయ్యమన్నాడటా? ఆ ‘ఈనింది’ని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘కావ్డ్’ చాలా, ‘హ్యాజ్ కావ్డ్’ అనాలా?

చీపురుపల్లి మాస్టారు: హ్యాజ్ ఉండాల్సిందే. వినగానే కట్టెయ్యమన్నాడంటే, ఈనినదాని ఫలితం ఇప్పుడు కళ్లెదుట ఉందనేగా. అదే ‘నిన్న రాత్రి ఈనింది’ అన్నామా, హ్యాజ్ పోతుంది. ఎప్పుడో చెప్పేశాక ఒట్టి కావ్డే. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ తప్పు పుట్టేది ఇక్కడే.

బొబ్బిలి కోట: మాస్టారూ, ఈ తేడా మన యాసలోనే ఉందండి. ‘తిన్నాను’ అంటే ఏట్. ‘తినీసినాను’ అంటే హావ్ ఈటెన్. ఇంక వడ్డించొద్దని ఆ ‘ఈసి’లోనే ఉంది.

చీపురుపల్లి మాస్టారు: మరి ‘నిన్ననే తినీసినాను’ అంటాం కదా, అక్కడా హావ్ పెడతారా? ‘రేపు తినీస్తాను’ అనీ అంటాం. ‘ఈసి’ పని పూర్తయిందంటుంది, కాలం సంగతి దానికి పట్టదు.

వంశధార: అసలది ‘ఈసి’ కాదు, ‘ఏసి’. తిని, వేసి. వేయు ధాతువు.

బొబ్బిలి కోట: శ్రీకాకుళం బస్టాండులో ‘బస్సు వచ్చీసింది’ అనే వినపడుతుంది. నోటి మాటకే పట్టం కట్టిన గిడుగు వారి గడ్డ మీద ఏత్వం దిద్దుతారా?

వంశధార: ధాతువు చెప్పొద్దని గిడుగు వారు అనలేదు! ఆయనా గురజాడా విజయనగరంలో కలిసి చదువుకున్నవారు. గురజాడ మొదట కవిత్వం రాసింది ఇంగ్లీషులోనే. అంతటివాడు 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చేసి, మళ్లీ కూర్చుని 1909 నాటికి దాన్ని చాలావరకు తిరగరాశాడు. ఒక్కో మాట మీద ఆయనకున్న ఓపిక మనకేదీ?

నాగావళి: మరి ‘ఇప్పుడే తిన్నాను’ అంటే?

చీపురుపల్లి మాస్టారు: జస్ట్, ఆల్రెడీ, యెట్ ఉన్నచోట బ్రిటన్ వాళ్లు ఎక్కువగా హావ్ అంటారు. అమెరికాలో ‘ఐ జస్ట్ ఏట్’ మామూలే. ‘నుంచి’ దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి. ‘పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం’కి ‘వియ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ కుదరదు. ‘వియ్ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. మన ‘నుంచి’ మొదలుకీ నిడివికీ ఒక్కటే. ఇంగ్లీషులో ‘2015’ లాంటి మొదలుకి సిన్స్, ‘పదేళ్లు’ లాంటి నిడివికి ఫర్.

పాలకొండ రోడ్డు: ఎద్దు కాదండీ, దున్నపోతు. ‘దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట’.

వంశధార: గాట ఉన్నది ఎద్దు సామెతలో. ఇవి రెండు వేరు సామెతలు.

బొబ్బిలి కోట: ఏదైనా మనవైపు ‘కట్టీమన్నాడు’ అనే అంటారు.