గర్భసంచి జారితే వ్యాయామమా, ఆపరేషనా?

చల్లపల్లి_కోడలు
నాకు నలభై ఆరేళ్ళు. రెండూ మామూలు కాన్పులే. కొంతకాలంగా దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోంది. సాయంత్రం వంటకు నిలబడేసరికి కింద ఏదో దిగిపోతున్నట్లు బరువు. డాక్టరమ్మ పరీక్షించి గర్భసంచి జారింది, రెండో దశ అన్నారు. "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, తీసేస్తే పీడ వదులుతుంది" అని సలహా ఇచ్చారు. మా ఆడపడుచేమో కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం చేస్తే చాలు, కత్తి దాకా పోవద్దంటోంది. ఎవరి మాట వినాలి?

వనజ_టీచర్
తీయించేసుకోండమ్మా. నాకు ముప్పై ఏడో ఏట తీశారు. ఇప్పుడు అరవై దాటాయి. నడుము నొప్పి తప్ప ఏ బాధా లేదు. ఫోనులో వీడియో పెట్టి "బిగించండి, వదలండి" అని చెప్పే పిల్లల్లో ఒక్కరైనా నీళ్ళ బిందె ఎత్తి ఎరుగుదురా?

ఫిజియో_మాధవి
చల్లపల్లి గారూ, తొందరపడకండి. నేను ఫిజియోథెరపిస్టును, నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మీ వయసువారే. మీవి రెండు సమస్యలు, రెండూ ఒకటి కాదు. మూత్రం జారడానికి కారణం మూత్రనాళాన్ని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు సడలడం. గర్భసంచి తీసినంత మాత్రాన ఆ కండరాలకు బలం రాదు. దగ్గినప్పుడు మూత్రం జారే స్త్రీలపై జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. వ్యాయామం చేసినవారిలో 56 శాతం మంది నయమైందని చెప్పారు, ఏ చికిత్సా లేనివారిలో 6 శాతం మంది మాత్రమే చెప్పారు.

ఇక జారడం సంగతి. వ్యాయామంతో గర్భసంచి మళ్ళీ పైకి లేచి కూర్చోదు, ఆ మాట చెప్పి ఎవరినీ మభ్యపెట్టను. కానీ రెండో దశలో బరువు, లాగుడు చాలామందికి తగ్గుతాయి. జారిన గర్భసంచిని ఆపి పట్టడానికి యోని లోపల పెట్టుకునే రింగు కూడా ఉంది, దాన్ని డాక్టరు కొలత చూసి అమరుస్తారు. మూడు, నాలుగు దశల్లో గర్భసంచి బయటకు వచ్చేస్తే ఆపరేషనే మేలు కావచ్చు.

చేసే పద్ధతి: మూత్రాన్ని, గ్యాసును ఒకేసారి ఆపుకుంటున్నట్లు లోపలికి, పైకి బిగించాలి. పొట్ట, పిరుదులు, తొడలు కదలకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. ఒక విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. తుమ్ము వస్తున్నదనగానే ముందే బిగించడం అలవాటు చేసుకోండి, తేడా అక్కడే మొదట తెలుస్తుంది. మొదటి రెండు మూడు సార్లు తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి. బిగించమంటే ముక్కుతూ కిందికి తోసేవారిని రోజూ చూస్తుంటాను. అలా చేస్తే ఉన్న జబ్బు ముదురుతుంది.

రమణమూర్తి_కె
ఇదంతా మన యోగంలో మూలబంధం, అశ్వినీ ముద్ర పేరుతో ఎప్పటినుంచో ఉంది. 1948లో కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ వ్యాయామం మీద పత్రం రాస్తే మనం దానికి ఆయన పేరు పెట్టుకుని తిరుగుతున్నాం.

గుంటూరు_శ్రీను
ఇవి ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవలసినవి కదా. ఇలా అందరి ముందూ అవసరమా?

ఫిజియో_మాధవి
శ్రీను గారూ, తమలో తాము కూడా మాట్లాడుకోకపోవడం వల్లే మా అమ్మ పెళ్ళిళ్ళకు బస్సెక్కడం మానేసింది. ఆమెకు కూడా గర్భసంచి తీశారు. మూత్రం జారడం ఆగలేదు. పాత చీరలు చింపి మడిచి పెట్టుకుని, ఉతికి, పెరట్లో ఎవరికీ కనబడకుండా లంగా కింద ఆరేసేది. నేను ఈ చదువు చదివి వచ్చి అడిగేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి అందరి ముందూ అవసరమే.

రమణమూర్తి_కె
మూలబంధం గురించి సమాధానం రాలేదు.

ఫిజియో_మాధవి
మంచిదే, చేయండి. కానీ అశ్వినీ ముద్రలో ప్రధానంగా బిగిసేది మలద్వారం. పైగా మూలబంధాన్ని చాలాచోట్ల ఊపిరి బిగపట్టి చేయిస్తారు. జారుడు ఉన్నవారికి అది పనికిరాదు. పేరు ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

రమణమూర్తి_కె
సరిగా నేర్పే గురువు ఉంటే ఊపిరి ఎక్కడ వదలాలో చెబుతాడు. పద్ధతిని తప్పుపట్టకండి.

ఫ్రాన్స్‌లో_సుధ
ఇక్కడ కాన్పు అయిన కొన్ని వారాలకు ఈ వ్యాయామం నేర్చుకోమని డాక్టరే చీటీ రాసిస్తారు, సాధారణంగా పది తరగతులకు. మంత్రసాని గానీ ఫిజియో గానీ నేర్పిస్తారు, ఖర్చు ప్రభుత్వ బీమాదే. నా రెండో కాన్పు అక్కడ మన ఊళ్ళో జరిగింది. నడుముకు గుడ్డ కట్టుకోమన్నారు, అంతే.

వనజ_టీచర్
ఫ్రాన్స్ కబుర్లు మాకెందుకు? మాధవిగారూ, 56 శాతం అన్నారు. మిగతా నలభై నాలుగు మంది గతేమిటి? నాకు బ్లీడింగ్ ఆగేది కాదు. బడికి ముదురు రంగు చీరలు తప్ప కట్టుకునేదాన్ని కాదు. కుర్చీలో నుంచి లేచే ముందు పిల్లలు బోర్డు వైపు చూస్తున్నారో లేదో చూసుకునేదాన్ని. అప్పుడు వచ్చి బిగించి వదలమంటే ఆగేదా?

ఫిజియో_మాధవి
ఆగదు. ఆగుతుందని నేను అనలేదు. మీది బ్లీడింగ్, ఆమెది జారుడు. మీకు నప్పిన మందు ఆమెకు ఎందుకు రాస్తున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ఏదో ప్రత్యేకంగా జబ్బు చేసిందా? అనవసరపు ఆపరేషన్లను అదుపు చేసే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది. మీరు నడుము నొప్పి అన్నారు. అండాశయాలు ఉంచారా, వాటినీ తీసేశారా? ఆ వయసులో అవి పోతే ముట్లు ఆగిపోయినప్పటి బాధలన్నీ ఒక్కసారే వస్తాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి.

వనజ_టీచర్
అంటే నేను మీ వందలో ఒక అంకెనన్నమాట. తెలివి లేక కోయించుకున్నానన్నమాట. నాకు ఏం తీశారో ఏం ఉంచారో కాగితం ఇవ్వలేదు, అడగాలని కూడా అప్పట్లో తెలియదు. చాలా?

చల్లపల్లి_కోడలు
దయచేసి ఇద్దరూ కోప్పడకండి. నేను అడిగింది నా సంగతి.

విజయనగరం_పిన్ని
మలబద్ధకం ఉంటే ముందు అది చూపించుకో తల్లీ. ముక్కే కొద్దీ జారుతుంది. పాత దగ్గు ఉన్నా అంతే.

ఫిజియో_మాధవి
వనజగారూ, మిమ్మల్ని తెలివి తక్కువవారని ఎక్కడ అన్నాను? మీకు చెప్పకుండా తీసినవారిని అంటున్నాను.

వనజ_టీచర్
వారిని అంటే నన్ను అన్నట్లే, ఎందుకంటే సంతకం పెట్టింది నేను. అసలు సంగతి చెబుతాను వినండి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువు ఎత్తకూడదని డాక్టరు మా అత్తగారి ఎదుటే చెప్పారు. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆయన బావి దగ్గరకు వెళ్ళి నీళ్ళు తోడారు. నేను మంచం మీద పడుకుని గిలక చప్పుడు విన్నాను. మా అమ్మ వచ్చి నెల ఉంది. ఒళ్ళు బాగాలేదని అంతకుముందు ఎన్నేళ్ళు చెప్పినా నమ్మినవారు లేరు. కుట్లు కనబడ్డాక నమ్మారు. మీ వ్యాయామం ఎవరికి కనబడుతుంది? గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, ఎక్కడైనా చేసుకోవచ్చని మీరే గొప్పగా చెబుతారు. అంటే గిన్నెలూ ఆమే తోమాలి, జబ్బూ ఆమే నయం చేసుకోవాలి, అదీ ఎవరికీ తెలియకుండా. మూడు నెలల తర్వాత తగ్గకపోతే "సరిగా చేయలేదు" అనేది కూడా ఆమెనే.

ఫ్రాన్స్‌లో_సుధ
వనజగారూ, ఇది ముందే చెప్పి ఉండాల్సింది.

ఫిజియో_మాధవి
విశ్రాంతి కోసం ఒక అవయవం ఇచ్చుకోవాలా? ఇదే నాకు మింగుడు పడటం లేదు. మీరు చెప్పింది నిజమే, మా దగ్గరకు వచ్చేవారిలో మధ్యలో మానేసేవారు చాలామంది, కారణం అడిగితే ఇంట్లో పని అంటారు. అయినా దానికి ఆపరేషను మందు కాదు. మా అమ్మకూ ఆరు వారాలు విశ్రాంతి దొరికింది. ఏడో వారం అదే బిందె, అదే బావి, కింద అదే తడి. గర్భసంచి లేకపోయినా యోని పైభాగం తర్వాత జారవచ్చు. అప్పుడు మళ్ళీ ఆపరేషను.

వనజ_టీచర్
మీ అమ్మగారు పాపం. నాకు అలా కాలేదు.

రమణమూర్తి_కె
బరువు పనులు చేసిన మన పూర్వపు స్త్రీలకు ఇవేవీ లేవు.

విజయనగరం_పిన్ని
ఉండేవి నాయనా. నీకు చెప్పలేదు.

చల్లపల్లి_కోడలు
వనజ టీచరుగారు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. సిలిండరు ఇకపై తానే మారుస్తానన్నారు, ఎన్నాళ్ళో చూడాలి. మాధవిగారూ, వ్యాయామానికి కూడా "బరువు ఎత్తరాదు" అని చీటీ రాస్తారా? మా అత్తగారికి కాగితం కావాలి.

ఫిజియో_మాధవి
రాస్తాను. సిలిండరు, బిందె, బియ్యం బస్తా అని పేర్లతో సహా రాస్తాను. మీ ఊరికి దగ్గర్లో విజయవాడలో ఎవరికైనా చూపించుకోండి, వారూ రాస్తారు. మూడు నెలలు చేశాక మళ్ళీ డాక్టరుకు చూపించుకోండి. అప్పటికీ కింద బరువుగా ఉండడం తగ్గకపోతే రింగు గురించి అడగండి, ఆ తర్వాతే ఆపరేషను మాట.

వనజ_టీచర్
నేను తీయించుకోమనే అంటాను. మీరు మాధవిగారి మాట వింటే వినండి. ఏది చేసినా డాక్టరమ్మను ఒకటి అడగండి: తీస్తే ఏమేమి తీస్తారు, అండాశయాలు ఉంచుతారా అని. జవాబు నోటితో కాదు, కాగితం మీద రాయించుకోండి. ఒక నకలు బీరువాలో పెట్టుకోండి.