టైప్ 1 షుగర్ ఉన్న పాపకు స్కూలు బాక్సు: పెసరట్టు, అల్లం పచ్చడి, పండగ పిండివంటలు

ప్రశ్న: పాపకు తొమ్మిదేళ్ళు, 30 కిలోలు, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్). పొద్దున వేసిన పెసరట్టు మధ్యాహ్నానికి అట్టముక్కలా అయిపోతోంది, తినకుండా తెచ్చేస్తోంది. అల్లం పచ్చడి పెట్టిన రోజు షుగర్ 250 దాటుతోంది. ఇన్సులిన్ డోసు కోసం వేసే అట్ల పిండిపదార్థం లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. సంక్రాంతికి అరిసెలు పూర్తిగా మానిపించాలా?

జవాబు: ముందు పచ్చడి చూడండి. అల్లం పచ్చడిలో బెల్లం బాగా పడుతుంది. 50 గ్రాముల బెల్లంతో చేసిన పచ్చడి పది స్పూన్లు వస్తే, స్పూనుకు 4, 5 గ్రాముల చక్కెర ఉన్నట్టే. మూడు స్పూన్లు నంజుకుంటే లెక్కలో లేని ఇంకో అట్టు తిన్నట్టు. బాక్సులోకి బెల్లం లేని పల్లీ పచ్చడి పెట్టండి.

ఇక అట్టు. పొట్టు పెసలు 200 గ్రాములు, బియ్యం 30 గ్రాములు కలిపి ఐదారు గంటలు నానబెట్టండి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కాస్త బరకగా రుబ్బి, పులియనివ్వకుండా వెంటనే వేసేయాలి. ఎనిమిది అట్లు వస్తే, పీచును లెక్కలోంచి తీసేశాక ఒక్కోదానిలో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. గట్టిపడేది పల్చగా, కరకరలాడేలా కాల్చడం వల్లే. తేమంతా పెనం మీదే పోతుంది, చల్లారాక పిండి బిగుస్తుంది. అందుకే మందంగా పోసి, పైన తురిమిన పనీర్ గానీ గిలక్కొట్టిన గుడ్డు గానీ వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనివ్వండి. వేడివేడిగా డబ్బాలో పెడితే ఆవిరి నీరై అట్టు చీకిపోతుంది. పళ్ళెంలో గోరువెచ్చగా అయ్యాకే మడిచి పెట్టాలి. లోపల ఉప్మా పెడితే దాని లెక్క విడిగా కలపాలండోయ్.

మరో జవాబు: అన్నం పెట్టే రోజు గరిటె లెక్క వద్దు, వంటింటి త్రాసు వాడండి. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. పులిహోరైనా పెరుగన్నమైనా 120 గ్రాముల అన్నం సరిపెట్టి, పక్కన ఉడికిన గుడ్డో సెనగల గుగ్గిళ్ళో ఉంచితే కడుపు నిండుతుంది. గుగ్గిళ్ళనూ లెక్కలో వేయాలి. రాగి జావ మంచిదని ధైర్యంగా గ్లాసుడు పోయకండి. మెత్తని పిండి ఉడికి పల్చనైతే త్వరగా అరుగుతుంది, షుగర్ గబుక్కున లేస్తుంది.

అడిగినవారు: మరి అరిసెలు?

జవాబు: మానిపించక్కర్లేదు. పండగపూట అందరూ తింటుంటే పిల్లను పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. కానీ బెల్లం కాబట్టి పర్వాలేదనే మాట నమ్మకండి, షుగర్‌కు బెల్లమూ పంచదారా ఒకటే. 40 గ్రాముల అరిసెలో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. తూచి, భోజనంతోపాటే పెట్టి, ఆ పూట ఇన్సులిన్‌లో కలపండి. నూనె వల్ల అరుగుదల నెమ్మదిస్తుంది కనుక తిన్న రెండు గంటలకు, మళ్ళీ నాలుగు గంటలకు షుగర్ చూడండి. ఆలస్యంగా పెరుగుతుంటే ఇన్సులిన్ డోసును రెండుసార్లుగా విడదీయాలా అన్నది డాక్టరు చెప్పాలి. సకినాలు, జంతికలు కారమే కదా అని వదిలేయకండి, అవీ బియ్యప్పిండే.

మరో జవాబు: మేడ మీద గాలిపటాలతో పరుగెత్తితే షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ ఉండాలి. 70 కంటే తగ్గితే కిలోకు 0.3 గ్రాములు, అంటే పాపకు 9 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. ఇంకా తక్కువుంటే అంతే మళ్ళీ. అప్పుడు అరిసెగానీ చాక్లెట్‌గానీ పెట్టొద్దు, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా, డాక్టరు రాసిచ్చిన గ్లూకగాన్ (షుగర్ పెంచే మందు) ఉంటే ఇచ్చి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.