ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుస్తున్నంతసేపూ ప్రోగ్రెస్ బార్ కదలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: పైథాన్‌లో టికింటర్‌తో (విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) చేసిన యాప్ అండీ. వీడియో సైజు తగ్గించడానికి సబ్‌ప్రాసెస్ (వేరే ప్రోగ్రామ్‌లను నడిపే మాడ్యూల్) ‘రన్’తో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియోలు మార్చే కమాండ్‌ను పిలుస్తున్నాను. పని అయ్యేదాకా బార్ 0 మీదే ఉంటుంది, విండో బిగుసుకుపోతుంది, చివర్లో ఒక్కసారే 100. టెర్మినల్‌లో అదే కమాండ్ లెక్క చక్కగా చూపిస్తోంది.

జవాబు: చిక్కు ‘రన్’ దగ్గరే ఉంది. కమాండ్ ముగిసేదాకా అది తిరిగి రాదు, అంతసేపూ విండోను నడిపే మెయిన్‌లూప్ ఆగిపోతుంది. కమాండ్ మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చే ‘పీఓపెన్’ వాడి, అవుట్‌పుట్ చదివే పని వేరే థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లోనే పక్కన విడిగా నడిచే భాగానికి) అప్పజెప్పండి. ఆ థ్రెడ్ బార్‌ను నేరుగా ముట్టుకోకూడదు. అంకెను క్యూలో వేస్తే, మెయిన్ థ్రెడ్ ‘ఆఫ్టర్’తో 100 మిల్లీసెకన్లకోసారి చూసి బార్ జరుపుతుంది.

టెర్మినల్‌లో కనబడే ‘టైమ్=’ వరుసను మాత్రం నమ్ముకోకండి. అది మనుషులు చూడ్డానికి. ఎస్‌టీడీఎర్‌లో (తప్పులు, లాగ్ సందేశాలు వచ్చే దారి) వస్తుంది, కొత్త లైన్ బదులు క్యారేజ్ రిటర్న్‌తో (వరుస మొదటికి తీసుకెళ్లే అక్షరం) అదే వరుస మీద రాసుకుంటూ పోతుంది. ప్రోగ్రాముల కోసం ‘-ప్రోగ్రెస్ పైప్:1’ ఉంది. తోడుగా ‘-నోస్టాట్స్’ (ఆ ‘టైమ్=’ వరుస రాకుండా), ‘-నోఎస్‌టీడీఇన్’ (కీబోర్డు చదవకుండా) పెట్టండి. అప్పుడు ఎస్‌టీడీఅవుట్‌లో (మామూలు అవుట్‌పుట్ దారిలో) లైనుకో విలువ వస్తుంది. ‘అవుట్_టైమ్_యూఎస్=83400000’ అని వచ్చిందంటే 83.4 సెకన్ల వీడియో తయారైనట్టు. వీడియో వివరాలు చెప్పే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ కమాండ్‌తో ముందే తీసుకున్న మొత్తం నిడివి 600 సెకన్లయితే బార్ 13.9 దగ్గర ఉండాలి.

పక్కనే ‘అవుట్_టైమ్_ఎంఎస్’ కూడా కనబడుతుంది. పేరు చూసి మిల్లీసెకన్లనుకుంటారు, కానీ అందులో ఉండేదీ మైక్రోసెకన్లే. మొదట్లో విలువ బదులు ‘ఎన్/ఏ’ రావచ్చు, దాన్ని అంకెగా మార్చబోతే థ్రెడ్ చచ్చిపోతుంది. ఆ లైన్ వదిలేయండి.

ఎస్‌టీడీఎర్‌ను పైప్‌కి (ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మరోదానికి చేర్చే గొట్టం లాంటిది) కలిపి చదవకుండా వదిలేయకండి. లినక్స్‌లో మామూలుగా ఆ పైప్ 64 కేబీ పడుతుంది. నిండగానే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాయలేక మధ్యలో నిలబడిపోతుంది. లాగ్ ఫైల్‌కి మళ్లించడం మేలు, ఏదైనా తప్పు జరిగితే కారణం అందులోనే దొరుకుతుంది.

మరో జవాబు: వేరే కమాండ్లకు ఇదే పద్ధతి వాడబోతే బఫర్ (అవుట్‌పుట్‌ను పంపేముందు పోగుచేసుకునే చోటు) అడ్డొస్తుంది. సీ లైబ్రరీ టెర్మినల్‌కైతే లైను లైనుగా పంపుతుంది, పైప్‌కైతే బఫర్ నిండాకే (లినక్స్‌లో మామూలుగా 4096 బైట్లు) వదులుతుంది. ‘ఎస్‌టీడీబఫ్ -ఓఎల్’ ముందు తగిలిస్తే చాలావాటికి సరిపోతుంది. గ్రెప్‌కు ‘--లైన్-బఫర్డ్’, పైథాన్‌కు ‘-యూ’ ఉన్నాయి. సొంతంగా బఫర్ పెట్టుకున్న ప్రోగ్రాములకు, స్టాటిక్‌గా లింకైనవాటికి (లైబ్రరీని తమలోనే కలుపుకున్నవాటికి) ఎస్‌టీడీబఫ్ పనిచేయదు. టెర్మినల్ ఉంటేనే లైను లైనుగా వదిలే ప్రోగ్రామైతే పీటీవై (నకిలీ టెర్మినల్) మీద నడపాలి.

ప్రశ్న వేసినవారు: బార్ కదులుతోందండీ, చాలా థాంక్స్. ‘ఆపు’ బటన్ నొక్కినా ఎఫ్ఎఫ్ఎంపెగ్ వెనకాల నడుస్తూనే ఉంది. ‘షెల్=ట్రూ’ పెట్టాను.

జవాబు: ‘షెల్=ట్రూ’ పెడితే కమాండ్‌ను మధ్యలో ఒక షెల్ నడుపుతుంది, మీ ‘టెర్మినేట్’ ఆ షెల్‌ను మాత్రమే ఆపింది. షెల్ తీసేసి కమాండ్‌ను లిస్టుగా ఇవ్వండి. షెల్ తప్పనిసరైతే ‘స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ’తో మొదలుపెట్టి, ‘కిల్‌పీజీ’తో గుంపు మొత్తానికీ సిగ్నల్ పంపండి. సగంలో ఆగిన ఫైల్ పూర్తయినదానిలాగే కనబడుతుంది కాబట్టి తాత్కాలిక పేరుతో రాయించి, రిటర్న్‌కోడ్ 0 (తప్పు లేకుండా ముగిసిందనే గుర్తు) వచ్చాకే అసలు పేరు పెట్టండి. బార్‌కు 100 కూడా అప్పుడే.