ఉద్యోగం చేతిలో లేకుండా ఛాన్సెన్‌కార్టే మీద జర్మనీ వెళ్లడం సబబేనా?

బాలానగర్_బేరింగ్
హైదరాబాద్‌లో ఏ కన్సల్టెన్సీ బోర్డు చూసినా జర్మనీ ఛాన్సెన్‌కార్టేనే. ఆరు పాయింట్లుంటే ఏడాది వీసా, అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవచ్చు అంటున్నారు. బీటెక్ మెకానికల్, 30 ఏళ్లు, ఆరేళ్ల అనుభవం, జర్మన్ భాషలో ఏ1, అంటే మొదటి మెట్టు. ఇలాంటి ప్రొఫైల్‌కి ఇది లాభమా? లేక ఇక్కడి నుంచే అప్లై చేసి, ఆఫర్ వచ్చాక బ్లూ కార్డ్, అంటే డిగ్రీ ఉన్నవాళ్లకి ఇచ్చే ఉద్యోగ పర్మిట్, మీద వెళ్లడం మేలా?

రైన్‌తీరం
వద్దనే అంటాను. ఈ కార్డు 2024 జూన్ 1న మొదలైంది. 2025 ఆగస్టుకి జర్మనీలో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. కార్ల కంపెనీలు, వాటికి విడిభాగాలు చేసేవాళ్లు మనుషుల్ని తగ్గించుకుంటున్నారు, మెకానికల్ వాళ్లకి ముందు తగిలేది ఆ దెబ్బే.

పేరుకే ఏడాది. దిగగానే ఇల్లు వెతకాలి, చేరిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు, చేయించాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. తాత్కాలిక గదులు అద్దెకిచ్చేవాళ్లలో చాలామంది ఆ కాగితం ఇవ్వరు. నమోదు కాకపోతే ట్యాక్స్ ఐడీ రాదు. అద్దె డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. గది చూడకుండా డిపాజిట్ పంపమన్నాడంటే అది మోసమే అనుకోండి.

పార్ట్‌టైమ్‌తో గడిచిపోతుందనేవాళ్లు ఒకసారి లెక్క వేయండి. వారానికి 20 గంటలే అనుమతి. 2025 కనీస వేతనం గంటకి 12.82 యూరోలు. కోతలకి ముందు నెలకి 1,110 దాకా వస్తుంది. మ్యూనిక్‌లో అందులో సింహభాగం గది అద్దెకే పోతుంది.

నెకర్_లోయ
రైన్‌తీరం గారూ, ఐటీ వాళ్ల విషయంలో మీ మాటే నా మాట. వాళ్లు వీడియో కాల్‌లోనే ఇంటర్వ్యూ ఇచ్చి ఆఫర్ తెచ్చుకుంటారు, వాళ్లకి ఈ కార్డు దండగ. కానీ మెకానికల్ సంగతి వేరు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో పంపులు, వాల్వులు, గేర్‌బాక్సులు చేసే చిన్న, మధ్యతరహా కంపెనీలు బోలెడు. వీసా పని తలకెత్తుకునే హెచ్‌ఆర్ వాళ్లకి ఉండదు. ఇండియా అడ్రస్ కనిపిస్తే రెజ్యూమే పక్కన పెడతారు. ఆ ఊళ్లోనే ఉండి, ఎదురుగా కూర్చుంటే కథ మారుతుంది. ఛాన్సెన్‌కార్టే మీద ఒక్కో కంపెనీలో రెండు వారాల దాకా ట్రయల్‌గా పని చేయొచ్చు. డ్రాయింగ్ చదవడం, టాలరెన్స్ పట్టుకోవడం మాటలతో కాదు, బల్ల దగ్గర తేలుతుంది.

రెజ్యూమేలో మొదటి అరపేజీలోనే జర్మన్ ఫోన్ నంబరు, ఊరి పేరు, పర్మిట్ ఎప్పటిదాకా ఉందో, దేశం దాటకుండానే వర్క్ పర్మిట్‌కి మార్చుకోవచ్చన్న వాక్యం ఉండాలి. అయితే ఏ1తో వెళ్లకండి. షాప్‌ఫ్లోర్‌లో మాట్లాడేది జర్మనే, కనీసం బీ1, అంటే మూడో మెట్టు, కావాలి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోయెథే-జెంట్రమ్ ఉంది, బీ1 అయ్యాకే టికెట్.

ఫైళ్లగుట్ట
అసలు ఈ పాయింట్ల గొడవే చాలామందికి అక్కర్లేదు, కన్సల్టెన్సీలు చెప్పని సంగతి ఇదే. మీ డిగ్రీ జర్మన్ డిగ్రీకి పూర్తిగా సమానమైతే పాయింట్లు, భాష షరతు లేకుండానే ఛాన్సెన్‌కార్టేకి అర్హులు. వీసాకి ఖర్చులకు సరిపడా డబ్బు చూపిస్తే చాలు. భాష అక్కర్లేదన్నది వీసా వరకే, ఉద్యోగానికి కాదు.

విదేశీ డిగ్రీల వివరాలుండే జర్మన్ వెబ్‌సైట్ అనాబిన్‌లో రెండు చూడండి. ఒకటి, యూనివర్సిటీకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉన్నట్టు గుర్తు, ఉందా? అఫిలియేటెడ్ కాలేజీ అయితే పట్టా మీద పేరున్న యూనివర్సిటీని వెతకాలి, కాలేజీని కాదు. రెండు, మీ డిగ్రీకి 'ఎంట్‌ష్ప్రిష్ట్' (సరిపోతుంది) లేదా 'గ్లైష్‌వెర్టిగ్' (సమానం) అని ఉందా? రెండూ ఉంటే ఆ పేజీలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టడమే. లేకపోతే విదేశీ డిగ్రీలని పరిశీలించే జర్మన్ సంస్థ జెడ్‌ఏబీ నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి, ఫీజు 208 యూరోలు.

అదీ కుదరనివాళ్లకే పాయింట్లు: బాలానగర్ చెప్పిన ప్రొఫైల్‌కి 35 లోపు వయసుకి 2, ఏడేళ్లలో ఐదేళ్ల అనుభవానికి 3, కొరత ఉన్న వృత్తికి 1, మొత్తం 6. దీన్ని లెక్కేసి చెప్పడానికి లక్షలెందుకు? ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లని మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ లైసెన్స్ నంబరు అడగండి. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ.

లెక్కలపుస్తకం
డబ్బు దగ్గర ఒక మెలిక ఉంది. ఖర్చులకి డబ్బుందని చూపడానికి తెరిచే బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకి 1,091 చొప్పున ఏడాదికి 13,092 యూరోలు వేయాలి (2025 లెక్క). యూరో వంద రూపాయలనుకున్నా 13 లక్షల పైమాట. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటి విదేశాలకి పంపితే, దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. ఇది చదువు ఖాతా కాదు కాబట్టి చదువుకి ఉండే రాయితీ రాదు. అంటే 60,000 పైచిలుకు ముందే కట్టాలి. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ ప్రయాణం రోజుకి ఆ డబ్బు చేతిలో ఉండదు. ఇంకో సంగతి, ఆ అకౌంట్ నెలకింతే వదులుతుంది. ఇంటి డిపాజిట్‌కి వేరే డబ్బు పెట్టుకోవాల్సిందే.

రైన్‌తీరం
పెళ్లయినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఛాన్సెన్‌కార్టే మీద భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లలేరు. బ్లూ కార్డ్ అయితే వాళ్లకి ముందుగా జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వెళ్లగానే ఉద్యోగం చేసుకోవచ్చు. బీ1 ఉంటే 21 నెలలకి, ఏ1తో 27 నెలలకి పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి. జీతం 2025లో ఏడాదికి 48,300 యూరోలు ఉండాలి, ఇంజినీర్ల లాంటి కొరత వృత్తులకి 43,759.80 చాలు. 2026లో మామూలు పరిమితి 50,700. వీసా పని తెలియని కంపెనీకి జర్మన్ నివాస చట్టం సెక్షన్ 81ఏ కింద వేగవంతమైన పద్ధతి ఉందని చెప్పండి, ఫీజు 411 యూరోలు, దరఖాస్తు కంపెనీయే పెడుతుంది. ఇక్కడి నుంచే అడగడానికి ఏం అడ్డు?

నెకర్_లోయ
అడగొచ్చండీ, కానీ అసలు జవాబే రాకపోతే 81ఏ గురించి ఎవరికి చెప్తాం? పెళ్లయినవాళ్లు ఆఫర్ కోసం ఆగాలి, అక్కడ మీదే పైచేయి. బీ1 ఉన్న ఒంటరి వాళ్లకి, పదిహేను పదహారు లక్షలు అప్పు చేయకుండా పెట్టగలిగితే, ఇది జూదం కాదు.

ఫైళ్లగుట్ట
వెళ్లేవాళ్లకి ఒక జాగ్రత్త. ఆఫర్ వచ్చినంత మాత్రాన సోమవారం నుంచి చేరలేరు. విదేశీయుల కార్యాలయం పర్మిట్ మార్చాలి, పెద్ద ఊళ్లలో దానికి నెలలు పడుతుంది. మధ్యలో ఇచ్చే తాత్కాలిక ఫిక్షన్ పత్రం మీద మామూలుగా పాత షరతులే, అంటే వారానికి 20 గంటలే. కంపెనీకి ఈ మాట ఇంటర్వ్యూలోనే చెప్పి చేరే తేదీ పెట్టించుకోండి. కార్డు గడువు ముగియకముందే దరఖాస్తు పడాలి. కాంట్రాక్ట్‌లో హోదా, చేయాల్సిన పని డిగ్రీ స్థాయికి తగ్గట్టు ఉన్నాయో చూడండి: గోదాములో హెల్పర్ పని అని రాస్తే జీతం ఎంతున్నా బ్లూ కార్డ్ రాదు.