పాకెట్ వీటో: క్రిస్మస్ సెలవులు కూడా సరిపోతాయా?

రామ్‌కీ: అమెరికా అధ్యక్షుడు పది రోజులు సంతకం పెట్టకపోతే బిల్లు చచ్చినట్టేనని కోచింగ్ నోట్సుల్లో రాసేస్తుంటారు. అది సగం నిజం. కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు: సెనేట్, ప్రతినిధుల సభ) నడుస్తుంటే సంతకం లేకుండానే చట్టమైపోతుంది. సభ వాయిదా వల్ల బిల్లును అభ్యంతరాలతో వెనక్కి పంపే (మామూలు వీటో) వీల్లేకపోతేనే అది చస్తుంది, అదే పాకెట్ వీటో. మరి ఏ వాయిదా? ఏదైనా సరేనని నా వాదన. రాజ్యాంగంలో 'వాయిదా' అని ఉంది, ఎన్నాళ్లో లేదు.

గుమ్మడి: అక్కడున్నది వట్టి వాయిదా కాదండీ, 'తిప్పి పంపడాన్ని అడ్డుకునే' వాయిదా. తగువంతా ఆ ముక్క దగ్గరే. 1938 నాటి రైట్ కేసు చూడండి. సెనేట్ మూడు రోజుల విరామంలో ఉంది, ప్రతినిధుల సభ నడుస్తోంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బిల్లును సెనేట్ కార్యదర్శికి పంపించారు. పుచ్చుకునే మనిషి ఉన్నాడు కాబట్టి తిప్పి పంపడం చెల్లిందని సుప్రీంకోర్టు తేల్చింది.

రామ్‌కీ: 1929 తీర్పును దాటేశారే! దాని పేరే 'పాకెట్ వీటో కేసు'. అప్పుడు ముగిసింది తొలి సమావేశం మాత్రమే, ఆ కాంగ్రెస్ పదవీకాలం ఇంకా ఉంది. అయినా అధ్యక్షుడు కూలిడ్జ్ పాకెట్ వీటో చెల్లింది.

లెక్కల మాస్టారు: పది రోజులు లెక్కపెట్టడం నేర్చుకోవాలంటే ఆ కేసే మంచిది. బిల్లు 1926 జూన్ 24న అధ్యక్షుడికి అందింది. అందిన రోజు లెక్కలోకి రాదు. 25 ఒకటి, 26 రెండు, 27 ఆదివారం వదిలేయాలి. జులై 3కి ఎనిమిది. 4 మళ్లీ ఆదివారం. 6తో పది. కాంగ్రెస్ 3నే వాయిదా పడి వెళ్లిపోయింది. వదిలేసేది ఆదివారాలనే, పండగలను కాదు. చాలామంది తప్పు చేసేది ఇంకోచోట: గడువు సభ ఆమోదించిన రోజు నుంచి కాదు, బిల్లు అధ్యక్షుడి చేతికి చేరిన రోజు నుంచి.

గుమ్మడి: మాస్టారి లెక్కే 1970కి వేయండి. కుటుంబ వైద్యుల శిక్షణ బిల్లు డిసెంబర్ 14న అధ్యక్షుడు నిక్సన్‌కు చేరింది. పదో రోజు 25. ఈలోగా కాంగ్రెస్ క్రిస్మస్ విరామానికి వెళ్లింది, సెనేట్ 28కల్లా తిరిగొచ్చింది. సందేశాలు పుచ్చుకునే అధికారం కార్యదర్శికి ముందే ఇచ్చి మరీ వెళ్లారు. నిక్సన్ పాకెట్ వీటో అన్నారు. ఎందుకో ఓట్లు చూస్తే తెలుస్తుంది: సెనేట్‌లో 64-1, ప్రతినిధుల సభలో 346-2. మామూలు వీటో అయితే మూడింట రెండొంతుల మెజారిటీతో కొట్టిపారేసేవాళ్లే. పాకెట్ వీటోకు ఆ విరుగుడు లేదు, బిల్లును మళ్లీ మొదటి నుంచి తేవాలి. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ కోర్టుకెక్కారు. అది చట్టమైపోయిందని 1974లో డీసీ సర్క్యూట్ అప్పీలు కోర్టు (సుప్రీంకోర్టుకు కింది కోర్టు) చెప్పింది.

రామ్‌కీ: అప్పీలు కోర్టే కదా. రీగన్ నాటి ఇలాంటి తగువు 1987లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, బిల్లు కాలం తీరిపోయిందంటూ అసలు ప్రశ్న జోలికే పోలేదు. నా వాదన ఇంకా బతికే ఉంది.

గుమ్మడి: ఉంది, కానీ దాన్ని అధ్యక్షులే నమ్మడం లేదు. 2007 డిసెంబర్‌లో రక్షణ బిల్లుకు చిన్న బుష్ పాకెట్ వీటో అంటూనే, ఎందుకైనా మంచిదని బిల్లును ప్రతినిధుల సభ క్లర్కుకు పంపారు. 2009లో ఒబామా కూడా అంతే. వెనక్కి పంపగలిగినప్పుడు వాయిదా అడ్డుకున్నదేమిటి? రెండు పడవల మీద కాళ్లు!

ఆర్టికల్111: మన రాష్ట్రపతికీ ఇదే ఉందని రాసేవాళ్లకు ఒక మాట. మన 111వ అధికరణంలో సంతకానికి గడువే లేదు. జైల్ సింగ్ 1986 నాటి తపాలా సవరణ బిల్లును అట్టే పెట్టేశారు. అది చావలేదు, చట్టమూ కాలేదు. లోక్‌సభ రద్దయినా ఆమోదం కోసం ఎదురుచూసే బిల్లు మురిగిపోదు. అందుకే 1990లో వెంకట్రామన్ దాన్ని పునఃపరిశీలనకు రాజ్యసభకు పంపగలిగారు. పేరొకటే, పనితీరు వేరు.