రొమ్ము ఆపరేషన్ తర్వాత డ్రెయిన్‌తో ఇంటికొస్తే ఎలా?

ప్రశ్న: అమ్మకి రొమ్ముతో పాటు చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. రేపు డ్రెయిన్‌తోనే (గాయంలో చేరే నీటిని బయట ఉండే బల్బులోకి లాగే ట్యూబు) డిశ్చార్జ్. ఇంట్లో దాన్నెలా చూసుకోవాలి? చెయ్యి కదపొచ్చా?

జవాబు 1: బల్బును రోజుకు రెండుసార్లు, రోజూ అవే వేళలకి ఖాళీ చేయండి. సబ్బుతో చేతులు కడుక్కున్నాక, ట్యూబు చర్మంలోకి వెళ్లే చోట ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో బల్బు వైపు పిండండి. ఊరికే లాగితే కుట్టు తెగుతుంది. నీరు కొలిచి ఎంఎల్‌లో రాసుకోండి. బల్బును పూర్తిగా నొక్కి పట్టుకునే మూత పెట్టాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఉబ్బిన బల్బు పీల్చదు, నీరు లోపలే నిలుస్తుంది. సాధారణంగా 24 గంటల్లో 30 ఎంఎల్ కంటే తగ్గాక డ్రెయిన్ తీస్తారు.

జవాబు 2: ముందువైపు బొత్తాలున్న నైటీ కొనండి, తొడిగేటప్పుడు ఆపరేషన్ వైపు చెయ్యి ముందు. బల్బు గాయం కంటే కిందకి ఉండేలా పిన్నీసు పెట్టండి. పిడికిలి బిగించి వదలడం, మోచెయ్యి మడవడం మొదటి రోజు నుంచే మంచిది. చేతిని భుజం కంటే పైకి లేపడం మాత్రం డ్రెయిన్ తీశాక, సర్జన్ చెప్పినప్పుడు. అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది.

జవాబు 3: జ్వరం 100.4 దాటినా, నీరు చిక్కబడి వాసనొచ్చినా, బల్బు ఎర్రటి రక్తంతో గబగబా నిండినా వెంటనే ఆస్పత్రికి. డ్రెయిన్ తీశాక చంకలో నీటిబుడగలా ఉబ్బితే కంగారొద్దు, డాక్టరుకి చూపించండి. అవసరమైతే సూదితో తీస్తారు. ఇంట్లో పిండొద్దు.