హబ్ పెట్టగానే ల్యాప్‌టాప్ పోయింది: తప్పు హబ్‌దా, గోడలో కరెంటుదా?

టవర్‌క్లాక్_కుర్రోడు:
అనంతపురంలో అద్దె రూములో ఉంటా. ల్యాప్‌టాప్ కొని 14 నెలలు, అంటే వారంటీ పోయి సరిగ్గా రెండు నెలలు. నిన్న రాత్రి తొమ్మిది వందలకు ఒక టైప్-సి హబ్ తెచ్చా. దానికి మానిటర్, పెన్‌డ్రైవ్, టైప్-సి ఛార్జరు తగిలించి ల్యాప్‌టాప్‌లో పెట్టా. టిక్కుమని చిన్న చప్పుడు. స్క్రీన్ ఆరిపోయింది, మళ్లీ లేవలేదు. షాపాయన విప్పి చూడకుండానే "మదర్‌బోర్డు పోయింది, 22 వేలు" అన్నాడు. హబ్ అమ్మినాయనేమో "మీ ఇంట్లో కరెంటు బాగాలేదు" అంటున్నాడు. ఎవరిని నమ్మాలి?

కడప_రాయి:
ముందు అన్నీ పీకెయ్ తమ్ముడూ, ఛార్జరుతో సహా. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి వదిలెయ్. కాసేపాగి ఒట్టి ఛార్జరు పెట్టి చూడు. లోడు ఎక్కువైతే కొన్ని ల్యాప్‌టాప్‌లు వాటంతట అవే ఆపేసుకుంటాయి. నాది రెండుసార్లు ఇలాగే లేచింది. హబ్‌కు బిల్లుందా? ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

టవర్‌క్లాక్_కుర్రోడు:
చేశాను, లేవలేదు. బిల్లంటే ఏముందన్నా, చీటీ ముక్క మీద పెన్నుతో 900 అని రాసిచ్చాడు.

వేరుశనగ_బీటెక్:
నా ఓటు హబ్ మీదే. టైప్-సి ప్లగ్గులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర మిల్లీమీటరే. 20 వోల్టులు మోసే పిన్ను పక్కనే సీసీ పిన్ను (ఛార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకునే పిన్ను) ఉంటుంది, దాని తాహతు ఐదారు వోల్టులే. ఛార్జరు మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఆ సీసీ తీగ మీద బేరం కుదిరాకే 20కి పెంచుతుంది. ఆ బేరం చేసే చిప్పు నాసిరకమైనా, ప్లగ్గు కొంచెం వంకరగా దిగినా అంతే సంగతులు. గోడను తిట్టడం అమ్మినోడి తెలివి.

బురుజు_నీడ:
గోడను అంత తేలిగ్గా వదలొద్దు సార్. కర్నూలులో మా పాత ఇంట్లో ల్యాప్‌టాప్ ఛార్జింగులో ఉన్నప్పుడు చెయ్యి వేస్తే జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పితే మూడో కన్నం వెనకాల అసలు వైరే లేదు! ఎర్త్ లేకపోతే అడాప్టరు లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా సుమారు 115 వోల్టులు ఇనుప భాగాలకు చేరతాయి. మానిటర్ ఒక సాకెట్లో, ల్యాప్‌టాప్ ఇంకో సాకెట్లో ఉండి, మధ్యలో మనం కేబులు గుచ్చితే ఆ తేడా అంతా ఆ కేబులు మీదే తీరుతుంది.

ఇంకో మాట. వైరున్నా, అది భూమిలోకి దిగే ఎర్త్ గుంత ఎండిపోతే లాభం లేదు. ఉప్పూ బొగ్గూ వేసి పైపు దింపాక అప్పుడప్పుడూ నీళ్లు పోస్తుండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో దాన్ని తడిపేదెవరు? మా నాయన మాత్రం ప్రతి ఆదివారం రెండు బిందెలు పోసేవాడు, చెట్టుకు పోసినట్టు.

వేరుశనగ_బీటెక్:
ఆ లీకేజీ మిల్లీయాంపు కూడా ఉండదు. చెయ్యి జివ్వుమంటుంది, అంతే. దానికి బోర్డు కాలిపోదు.

బురుజు_నీడ:
నిలకడగా పారే కరెంటు తక్కువే, ఒప్పుకుంటా. గుచ్చిన ఆ క్షణంలో కెపాసిటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది కదా, దాని సంగతేంది? చప్పుడు విన్నానని ఆ అబ్బాయే చెబుతున్నాడు.

ఫ్లక్స్_పొగ:
బోర్డుల మీద చిప్ లెవెల్ రిపేర్లు చేస్తా. ఈ గొడవ తర్వాత. తమ్ముడూ, ల్యాప్‌టాప్‌తో వచ్చిన సన్నపిన్ను ఛార్జరు ఉందా? దాని మీద లైటుంటే, గోడకు పెట్టి లైటు వెలిగాక పిన్ను ల్యాప్‌టాప్‌లో గుచ్చు. లైటు ఏమవుతుందో చెప్పు.

టవర్‌క్లాక్_కుర్రోడు:
గుచ్చగానే ఆరిపోతోంది అన్నా. తీసేసి గోడకు మళ్లీ పెడితే వెలుగుతోంది.

ఫ్లక్స్_పొగ:
ల్యాప్‌టాప్ బోర్డులో మెయిన్ లైను షార్ట్. ఛార్జరు తనను తాను కాపాడుకుంటోంది. ఇంక గుచ్చి చూడొద్దు. బోర్డంతా మార్చక్కర్లేదు, షార్టయిన పార్టు వెతికి తీసేవాళ్ల దగ్గరికి పో. ఫైళ్లు కావాలంటే ఎస్‌ఎస్‌డీ ముందే విప్పించి దగ్గర పెట్టుకో. కొన్నిట్లో అది బోర్డుకే అతికి ఉంటుంది, చూసుకో.

టవర్‌క్లాక్_కుర్రోడు (నాలుగు రోజుల తర్వాత):
లేచింది! టైప్-సి పోర్టు పక్కన ఆవగింజలో సగం ఉండే కెపాసిటర్ ఒకటి షార్ట్. పక్కన చిన్న చిప్పు కూడా మాడింది. 2,800 తీసుకున్నారు. ఆ పోర్టు మాత్రం ఇక పనిచేయదట, సన్నపిన్ను ఛార్జరే గతి.

వేరుశనగ_బీటెక్:
20 వోల్టుల లైను మీద, అదీ టైప్-సి పక్కనే పోయింది. ఇంకా గోడే అంటారా నీడగారూ?

బురుజు_నీడ:
సగం ఒప్పుకుంటా. సాకెట్లో మీటరు పెట్టించావా అబ్బాయ్? లైనుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర చూపించాలి.

టవర్‌క్లాక్_కుర్రోడు:
పెట్టించా. 70 చూపించింది. ఓనరు ఆంటీకి చెబితే, "పదేళ్ల నుంచి ఈ రూములో ఫ్యాను తిరుగుతోంది, టీవీ ఆడుతోంది, ఎవరికీ రాని కష్టం నీకే వచ్చిందా?" అన్నారు. గుంత ఎక్కడుందని అడిగితే తులసికోట కింద ఉందేమో అంటున్నారు. రేపు తవ్వి చూస్తామంటే ఊరుకోరు. పక్క నుంచి నీళ్లయినా పోయనిస్తారేమో అడగాలి.